పొద్దుకు పురుడు పోసిన అక్క

అక్క చనిపోయిందని పోయిన శుక్రవారం ఫోన్ వచ్చింది. నేను గప్పుడు లిఫ్టుల అద్దం తుడుస్తున్న. ఇండియా నంబరు. "బాబాయి గారూ, నేనండి, అక్కగారి కోడల్ని" అన్నది అవుతల నుంచి. ఆ పిల్ల ఇప్పుడు ఇంకొకాయన పెండ్లాం. ఆయనతోని ఒక బిడ్డ గూడ అయ్యింది. అయినా అత్తయ్య అనుడు మానలే. రాత్రి ఇంత అన్నం తిని పండుకున్నదట, పొద్దుగాల చాయ్ తాగమని లేపితె లేవలేదట. గంతే. దవాఖాన లేదు, నొప్పి లేదు.

"ఇక్కడికొచ్చాక అత్తయ్య మాట్లాడ్డమే మానేశారండి బాబాయి గారూ. అడిగితే ఊఁ, లేకపోతే ఊఁహూఁ. అక్కడ ఎలా ఉండేవారండి?" అని అడిగింది.

ఊఁ అని, ఊఁహూఁ అని సరిపెట్టుకునే మనిషా ఆమె? ఆమె నోట్లె నోరు పెట్టి గెలిచినోన్ని నేను ఈ బిల్డింగుల ఒక్కన్ని చూడలే. "మస్తు మాట్లాడేది బిడ్డా" అన్న. అని ఫోను పెట్టి, తుడిసిన అద్దమే మల్ల మల్ల తుడుసుకుంట నిలవడ్డ.

మాది జగిత్యాల దిక్కు. మా ఊళ్లె నన్ను దుబాయిల ఉన్నడు అంటరు. ఉన్నది బహ్రెయిన్ల అని చెప్పి చెప్పి యాష్టకొచ్చి ఊకున్న. అద్లియాల ఆరంతస్తుల బిల్డింగుకు వాచ్‌మన్ను. కింద రెండు హోటళ్లు, ఒక కాఫీ దుకాణం. పైనంత ఫ్లాట్లు. అన్నిటికన్న పైన, నీళ్ల ట్యాంకుల పక్కన, సామాన్ పెట్టుకునే రూము ఒకటి. ఓనరు దాన్ని గూడ కిరాయికిచ్చిండు. అండ్ల ముగ్గురు ఆడోళ్లు ఉంటుండె. ఆ ముగ్గుట్ల ఒకతి అక్క.

నర్సాపురం అవుతల, సముద్రం ఒడ్డుమీది ఊరు ఆమెది. పొద్దంత ఇండ్లల్ల పని చేసేది. నైటీ మీద తువ్వాల, చేతిల బకీటు. మెట్ల మీద ముందుగాల చెప్పుల సప్పుడు దిగేది, ఎనుక ఆమె దిగేది. లిఫ్టు మాత్రం ఎక్కేది కాదు. ఎందుకక్కా అంటె, "అందులో నిలబడితే నా కాళ్లు ఊరికే జీతం తీసుకుంటన్నట్టు ఉంటాది తమ్ముడూ" అనేది.

నా మాటను ఎక్కిరియ్యకపోతె ఆమెకు పొద్దు పోయేది కాదు. నేను "గిదేందక్కా" అంటె, "గిదేంది కాదు, ఇదేంటి. నోరు తిరగదా?" అనేది. "తిరుగుతది, నాకే తిప్పబుద్ధి కాదు" అంటె ఫక్కున నవ్వేది. నవ్వేటప్పుడు తువ్వాల కొస నోట్లె కుక్కుకునేది, ముందటి పన్ను ఒకటి లేదు, అది కనపడొద్దని. ఇగ మనుషులు దొరక్కపోతె వస్తువులతోని మాట్లాడేది. నల్లాను తిట్టేది, బకీటును బెదిరిచ్చేది, చీపురునైతె "నా తల్లివి కాదూ, ఈ ఒక్క మూలా ఊడ్చెయ్యి" అని బతిమిలాడేది. మొదట్ల ఈమెకు నెత్తి జర కరాబైందేమో అనుకున్న.

గట్ల అనుకుంటున్న రోజులల్లనే ఒక డిసెంబరుల, మబ్బుల, ఇంకా తెల్లారకముందే, ట్యాంకులల్ల నీళ్లు చూద్దామని పైకెక్కిన. పొగ వాసన వచ్చింది. బిల్డింగు మీద మంట అంటె ఆ దినంతోని నా నౌకరి ఖలాస్. ఉరికిన. పోయి చూస్తె నూనె డబ్బాల మంట పెట్టుకుని, తూర్పు దిక్కు మొకం పెట్టి ఒక్కతే కూసున్నది. పక్కన పొగలు కక్కే నీళ్ల గిన్నె, ఉతికి మడతవెట్టిన పాత చీర, పళ్లెంల నల్లటి ముద్ద ఒకటి. మా దిక్కు పెరిగినోడు ఎవడైనా అది చూస్తె ఒక్కటే అనుకుంటడు. నేనూ అదే అనుకున్న.

"ఏయ్, ఏందిది? బాణామతా?" అని అరిసిన.

"అరవకయ్యా బాబూ. పురుటి కాడ అరుత్తారా ఎవరన్నా?"

"పురుడా! ఎవలకు?" రూముల ఉన్న ఆడోళ్లల్ల ఎవలకన్నానా, పోలీసులకు ఏం చెప్పాలె, ఓనరుకు ఏం చెప్పాలె.

"ఆ తల్లికి" అని గద్దువ ఎత్తి ఆకాశం చూపిచ్చింది. "ఏడాదంతటికీ ఈ రాత్రే పెద్దది. రాత్రంతా నొప్పులు పడి, తెల్లారేసరికి సూర్యుణ్ణి కంటాది ఆవిడ. ఒక్కత్తినీ వదిలేత్తామా? ఎవరో ఒకరం తోడుండాలిగా."

తిట్టాలె అని వచ్చినోనికి తిట్టు దొరకలే. ఇంతల ఎదురుంగ రెండు బిల్డింగుల నడుమ ఎర్రగ కొస కనవడ్డది. ఆమె దిగ్గున లేచి, వేడినీళ్లల్ల చెయ్యి ముంచి నాలుగు దిక్కులా చల్లి, మంత్రసాని లెక్క నడుము మీద చేతులు పెట్టుకుని, "మగపిల్లోడే" అన్నది. అని నవ్వింది. తువ్వాల కొస నోట్లె కుక్కుకునుడు గూడ మరిచింది.

ఆ ముద్ద నా చేతిల పెట్టింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, ఎల్లిగడ్డ, బెల్లం, నెయ్యి. బాలింతకు పెట్టే కాయం. "తిను. బాలింతకి పెట్టింది నలుగురికీ పెట్టాలి" అన్నది. నోట్లె వేసుకుంటె చెవులల్లకెల్లి సెగలు వచ్చినయి. మా సొంత అక్క పురిటికి ఇంటికొస్తె మా అమ్మ గిసొంటిదే దంచి పెట్టేది. ఇంటికి పోక చాన్నాళ్లయింది నాకు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మిరియం మీదికి నూకిన.

ఈ పండుగ ఆమెకు ఎక్కడిదో ఆ తర్వాత మెల్లగ చెప్పింది. ముందుగాల ఆమె ఒక లండన్ మేడం ఇంట్ల చేసేది. ముసలామె, మొగడు చచ్చిపోయిండు, పిల్లలకు పియానో నేర్పేది. ఆ మేడం ఏసును మొక్కదు. ఏసు రాకముందు వాళ్ల దేశంల మొక్కిన దేవుళ్లను మొక్కుతది. చెట్టు, మంట, భూదేవి, సూర్యుడు. నడుమ ఎన్నో తరాలు అందరు వాళ్లను మరిచిపోయిండ్రట. ఇప్పుడు ఈ కాలంల కొందరు పుస్తకాలు చదివి, కూడబలుక్కుని, మల్ల మొదలువెట్టిండ్రట. ఆ పెద్ద రాత్రికి యూల్ అని పేరు. పచ్చటి కొమ్మ తెచ్చి ఇంట్ల పెడతరు, దుంగ కాలుస్తరు, పొద్దు పొడిచేదాక నిప్పు ఆరనియ్యరు. కాలిన దుంగల ముక్క ఒకటి దాచి, మల్ల ఏడు దానితోనే అంటిస్తరు. మేడం కర్టెన్లు మూసి చేసుకునేదట. ఎవలన్న చూస్తె మంత్రగత్తె అంటరని.

"తల్లి సూర్యుణ్ణి కంటాది ఈ రాత్రి అని మేడం చెప్పిందా, నేను వంటింట్లోకెల్లి నీళ్లు పెట్టేశాను" అన్నది అక్క. "కాన్పంటే నీళ్లు కావద్దూ? కొవ్వొత్తులు పెట్టుకుని కూర్చుంటే బిడ్డ బైటికొత్తాడా? శొంఠి దంచి కాయం చేసి పట్టుకెళ్తే మేడం పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది. పై ఏడు తనే అడిగింది, శొంఠి తెచ్చావా అని." ఇంకో ముచ్చట గూడ చెప్పేది. ఈమె ప్రతి మాటకు "ఆయ్" అంటుంటె మేడంకు గూడ అలవాటై, ఫోన్ల వాళ్లోళ్లతోని గూడ "ఆయ్, ఆయ్" అనేదట.

నాకు సందు దొరికింది. "మా తాతలు ఇట్లనే చేసిండ్రో లేదో మాకు తెల్వదు, కొంత మేమే అల్లుకున్నం అని మేడమే చెప్పిందంటివి గద. అంటె ఉత్తదే గదక్కా."

"అల్లుకుంటే అల్లుకున్నారు. వల కూడా అల్లుకున్నదే. చేపలు పడట్లేదా?"



సంక్రాంతి గురించి గూడ కొట్లాడినం. మా తాన ఆ దినమే పొద్దు ఉత్తరానికి మల్లుతది, పంచాంగంల ఉంటది అని నేను. "ఆవిడ కనేసి లేచి తిరుగుతుంటే మీ పంచాంగం అప్పుడొచ్చి తలుపు కొడతాదా?" అని ఆమె. పొద్దు పుట్టినంక పది దినాలు రూముల దీపం పెట్టేది గాదు. తోటి ఆడోళ్లు సణిగేటోళ్లు. "పురుడమ్మా, పురుడు" అనేది. "సూర్యుడు నీకేమైతడని నీకు పురుడు?" అని నేను అడిగితె, "పురుడు పోసింది ఎవరు మరి?" అన్నది.

మేడంకు వయసు మీదపడి దేశం పోయింది. పొయ్యేటప్పుడు ఈమెను పట్టుకుని, "పోయింది ఏదీ పోయినట్టు కాదు, చక్రం తిరిగినట్టు తిరిగొస్తది, చీకటి అంటె గూడ కడుపే" అని చెప్పిందట. అవుతల ఈమె వీసా ఇచ్చే ఇంకొక సేటు, కఫీల్ అంటరు, ఆయన కిందికొచ్చింది. ఆయన బయట పని చేసుకో అన్నడు. తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, పారిపోయింది అని కంప్లైంటు ఇచ్చిండు. అట్లయితె ఇక్కడ ఖల్లివెల్లి అంటరు. కాయిదాలు ఉండయి, ఉన్నట్టు కాదు, పోనీకి రాదు. మేడం ఇల్లు పోయింది కాబట్టి ఆ పండుగను ఈమె మా బిల్డింగు మీదికి ఎక్కిచ్చింది.

అప్పటిదాక అది పండుగే. నవ్వులాట.

ఒక నవంబరుల ఆమె మెట్ల మీద కూసుని ఫోన్ చెవుకు పెట్టుకుని ఉన్నది. మాట్లాడుతలేదు. ఆమె మాట్లాడకపోవుడు నేను చూసుడు అదే మొదలు. ఊళ్లె తుఫాను. కొడుకు ఎక్కిన బోటు రాలే. నలుగురు పోతె ఇద్దరి శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చినయి. ఇద్దరు దొరకలే. ఆ దొరకనోళ్లల్ల ఈమె కొడుకు. ఒక్కడే కొడుకు. పెండ్లయింది, చిన్న పిల్లగాడు ఉన్నడు.

పోదామంటె ఖల్లివెల్లి మనిషి. పోలీసు కాడ వేలిముద్ర వేసి పోతె మల్ల రానియ్యరు. కోడలు, మనుమడు తినేది ఈమె పంపే పైసలు. పోలే. ఆ ఒడ్డున నిలవడి ఆ సముద్రాన్ని చూడలే. ఇక్కడనే గిన్నెలు తోముకుంట ఉన్నది.

కింద హోటల్ల వంట చేసే ఆయన ఒకాయన వచ్చి, "నీ కొడుకు పోయిండట గదమ్మా" అన్నడు, పాపం, మంచికే. ఆమె చేసే పని ఆపి, "పోయాడని ఎవరన్నారు? రాలేదు. అంతే. రాలేదనండి" అన్నది. ఇగ ఆ దినం నుంచి బిల్డింగుల అందరం అదే మాట నేర్చుకున్నం. రాలేదు.

నెల దాటకముందే పెద్ద రాత్రి వచ్చింది. ఆ ఏడు ఆమే నన్ను పిలిసింది, రా తమ్ముడూ అని. మంత్రసాని తీరు లేదు. మంట ముందల ముడుచుకుని కూసున్నది. "సూర్యుణ్ణి రాత్రిపూట ఎవరైనా పోయాడంటారా? రాలేదు, వత్తాడు అంటారు. ఆవిడ బిడ్డ అంత చీకట్లోంచి వచ్చినప్పుడు నా బిడ్డకేం? వత్తాడు." పొద్దు పొడిసింది. నీళ్లు చల్లింది. "మగపిల్లోడే" అన్నది గని, ఏడ్సుకుంట అన్నది.

నేను నమ్మినోన్ని గాదు. కని మరుసటేడు నుంచి కట్టెలు తెచ్చుడు నా పనే అయ్యింది. హోటలెనుక పడేసే పండ్ల పెట్టెలు ఇరగ్గొట్టి దాచిపెట్టేటోన్ని. ఓనరుకు ఎరుకైతె నా బతుకేమైతదో సోయి లేదు. ఏడాదికొక్కతూరి ఆమె మొకంల అంత వెలుగు వస్తుంటె ఎవలైన ఏం జేస్తరు? నా మనసుల గూడ, ఏమో, ఎక్కడన్న ఏ దీవిల పడ్డడేమో, ఏ దేశపోళ్లు తీస్కపోయిండ్రేమో అని పురుగు తిరిగేది. గట్ల కొన్నేండ్లు పోయినయి. పొద్దు ప్రతి ఏడు వచ్చింది. ఆమె కొడుకు రాలే.

అక్కడ కోడలు నలుగుతున్నది. బొట్టు తియ్యలే, కర్మ చెయ్యలే. ఈమె చెయ్యనిస్తలేదు. ఫోన్ల ఆ పిల్ల గొంతు మెట్ల దాక ఇనపడేది, అక్క స్పీకరు పెట్టుకుని పని చేసుకుంట మాట్లాడేది కాబట్టి. ఒక దినం ఆ పిల్ల అన్నది: "పేరంటానికి పిలవాలో వద్దో తెలీక నన్ను పిలవడమే మానేశారు అత్తయ్యా. శుభానికి పనికిరాను, ఏడవడానికి పనికిరాను. నేను ఎవరికి ఏమవుతానో మీరే చెప్పండి." వాళ్ల నాయన ఇంకో సంబంధం చూసిండట. మంచోడేనట. కర్మ అయితెనే ముందటికి నడుస్తది. శవం దొరకనోళ్లకు దర్భతోని బొమ్మ చేసి దహనం చేస్తె సరిపోతదని పంతులు చెప్పిండట.

అక్క ఫోన్ కట్ చేసింది. ఆ పూటంత నల్లాను తిట్టింది. ఎనుక నా కాడికొచ్చి, "బతికున్నోణ్ణి తగలెట్టమంటారేంటి తమ్ముడూ?" అని అడిగింది. ఆ పిల్లది నిజమే, ఈమెదీ నిజమే. "నీ ఇష్టం అక్కా" అన్న. "నా ఇష్టం కాదు. వాడు రావడం నా ఇష్టం" అన్నది.

అదే ఏడు డిసెంబరుల, పెద్ద రాత్రి ఇంకా రెండు దినాలుందనంగ, వచ్చి ఖర్జూరపు ఆకు కావాలన్నది. రోడ్డుమీది చెట్లు కత్తిరిచ్చినోళ్లను అడిగి తెచ్చిచ్చిన. మెట్ల మీద కూసుని అల్లింది. వల అల్లిన చేతులు, ఏం నేర్పు! తల, చేతులు, కాళ్లు. మూరెడు బొమ్మ. కొత్త తువ్వాల కొని దానికి చుట్టింది.

"ఏందక్కా, ఈసారి బొమ్మ గూడనా? పుట్టే పిల్లగాడా?" అన్న.

"ఆఁ. మగపిల్లోడే."

నాకు సంతోషమైంది. ఇన్నేండ్లకు అక్క మల్ల పాత తీరుకొచ్చింది, రంది జర తగ్గింది అనుకున్న. ఎక్కిరిద్దామని, "అచ్చం నీ మూతే ఉన్నది. బారసాల ఎప్పుడు? నన్ను పిలుస్తవా మరి?" అన్న. ఆమె నన్ను చాన సేపు చూసింది. కోపంగ గాదు. "పిలుత్తాను. నువ్వు తప్పకుండా రా" అన్నది.

పెద్ద రాత్రి నాడు మబ్బుల పైకి పోయిన. సన్నగ చలిగాలి. ఆమె తలస్నానం చేసి, ఎంటికలు విరబోసుకుని, నీళ్లు కారుకుంట నిలవడి ఉన్నది. వేడినీళ్ల గిన్నె లేదు. "కాయం ఏదక్కా?" అంటె, "ఈసారి లేదు" అన్నది. ఏటేటా దాచుకునే బొగ్గుముక్కను మొత్తం మంటల వేసింది. నేను గదన్న అర్థం చేసుకోవాలె. చేసుకోలే. చేతులు రుద్దుకుంట, పిల్లగాడు ఎప్పుడు పుడతడా అని తూర్పు దిక్కే చూస్తున్న.

కొస కనవడ్డది. ఆమె నీళ్లు చల్లలే. బొమ్మను మంట మీద పండవెట్టింది. నీళ్ల సీసకు అడుగున బొక్క చేసి తెచ్చుకున్నది, దాన్ని భుజం మీద పెట్టుకుని, నీళ్లు కారుకుంట ఉంటె, మంట చుట్టు తిరిగింది. ఒక సుట్టు. రెండో సుట్టు. మా నాయనకు నేను కుండ పట్టుకుని తిరిగింది గిట్లనే. గప్పుడు నాకు సోయికొచ్చింది. సీసను ఎనుకకు ఇడిసింది. తిరిగి చూడలే.

"అక్కా! ఏం జేస్తున్నవ్! వద్దు!" అని ఉరికి మంటల చెయ్యి పెట్టవోయిన. ఆమె నా మణికట్టు పట్టుకున్నది. గట్టి చెయ్యి.

"ఉండనీ తమ్ముడూ. అక్కడ నా మనవడి చేత చేయిత్తన్నారు ఇవాళ. నేనే చేయించమన్నాను. అక్కడ చేసింది నేను చూడను కదా, చూడకపోతే నేను నమ్మను. అందుకని నా కాడ నేను చేసుకుంటన్నాను. ఆడది కొరివి పెట్టకూడదంటారు. ఇక్కడ చూసేవోడెవడు?"

"రాలేదు, వస్తడు అంటివి గదక్కా! పోయింది ఏదీ పోయినట్టు కాదని మేడం చెప్పింది గద!" నేను ఒర్రుతున్న. నమ్మనోన్ని నేనే ఆ మేడం మాటలు అప్పజెప్పుతున్న.

"మేడం మొగుడు తిరిగొచ్చాడా?" అన్నది అక్క. మెల్లగనే అన్నది. "సూర్యుడొక్కడే వత్తాడు తమ్ముడూ. ఇంకెవరూ రారు. మేడంకి అది ముందే తెలుసు. ఊరికే ఆ ఒక్కడు వచ్చినందుకు సంతోషపడేది. నాకే తెలీలేదు. ఏడాదేడాదీ ఆవిడ కొడుకుని ఆవిడకి తీసిచ్చాను. నా కొడుకుని నాకెవరు తీసిత్తారు? ఆ పిల్ల పాపం ఎన్నాళ్లు నిలబడద్ది గుమ్మంలో?"

తాటాకు లెక్కనే చిటపటమని కాలింది. తువ్వాల అంటుకునేటప్పుడు మాత్రం ఆమె పెదవి కొరుక్కున్నది. ఎదురుంగ పొద్దు మొత్తం పైకొచ్చింది. మంచిగ, గుండ్రంగ, ఏ మబ్బూ లేకుంట. అంత మంచి పొద్దును నేను ఏ ఏడు చూడలే. దాన్ని చూస్తె ఒళ్లు మండింది నాకు.

ఏదన్న ఒక మాట అనాలె గద అని, "రేపటి సంది పొద్దు పెరుగుతదక్కా" అన్న.

"పెరిగి ఏం చేసుకోను? రాత్రే నయం. చీకటున్నంతసేపూ వాడింకా రావాల్సినోడే."

పది దినాలు రూముల దీపం పెట్టలే. తోటి ఆడోళ్లు, మల్ల మీ సూర్యుడు పుట్టిండా అని నవ్విండ్రు. ఆమె ఊఁ అన్నది. పురుడు గాదు, ఈసారి మైల అని నాకొక్కనికే ఎరుక. ఆ కోడలు పెండ్లి అయ్యింది. ఎనుక కొన్నాళ్లకు కాయిదాలు లేనోళ్లకు ఇక్కడి సర్కారు మాఫీ ఇచ్చింది, అక్క ఊరికి పోయింది. పొయ్యేటప్పుడు నా భాషను ఎక్కిరియ్యలే. నేను కావాలని "గిదేందక్కా, గిట్ల పోతున్నవ్" అన్న. దిద్దలే. పోయింది.

నాకు మాత్రం ఆమె అనంగనే యాదికొచ్చేది ఆ మైల పదో దినం. మా నౌకర్లు అయినంక, ఎండ తగ్గినంక, ఇద్దరం బస్సెక్కినం. ప్లాస్టిక్ కవరుల ఆ బొమ్మ బూడిద మూటగట్టుకుని ఒళ్లె పెట్టుకుని కూసున్నది. అమ్వాజ్ దిక్కు పోయే రోడ్డు కాడ దిగి ఒడ్డుకు నడిచినం. బోటు సంగతి తెలిసిన నాటి నుంచి ఆమె సముద్రం దిక్కు పోలే. ఈ దేశంల ఎటు తిరిగినా సముద్రమే, అయినా పోలే.

నీళ్లు లోపలికి తీసి ఉన్నయి. అల లేదు. ఆమె కాసేపు చెవి పెట్టినట్టు నిలవడి, "చప్పుడే లేదేంటి?" అన్నది. చెప్పులిడిసి దిగింది. లోతుకు పోయి కలపాలని ఆమె ఆలోచన. నడిసింది. ఇంకా నడిసింది. నాకు బుగులైంది. ఈమె ఇగ రాదు అనుకున్న. "అక్కా, చాలు! అక్కా!" అని పిలుసుకుంట నేనూ దిగిన. ఉరికి ఉరికి అందుకున్న. చూస్తె నీళ్లు ఆమె మోకాళ్లను దాటలే. నా మోకాళ్లనూ దాటలే. ఒడ్డు ఎక్కడో చిన్నగ కనవడుతున్నది, నీళ్లు మాత్రం మోకాళ్ల కాడికే.

కవరు ఇప్పి ఒంపింది. తీస్కపోయే అల లేక బూడిద ఆమె కాళ్ల చుట్టే తేలింది. చేతులతోని దూరం నూకింది. మల్ల వచ్చింది. నూకి నూకి, ఇగ ఇడిసిపెట్టి, వంగిన నడుము ఎత్తకుంటనే నా దిక్కు చూసింది.

"ఈ సముద్రమైతే నా కొడుకు నడిచొచ్చేసేవాడు తమ్ముడూ" అన్నది.